నా నోటికి నేనే అధికారి

పదో తరగతి తప్పి, గాడిపొయ్యి పక్కన జీవితమంతా గడిపిన నేను ఓ సోమవారం ఉదయం ప్రభుత్వ కేన్సరాసుపత్రిలో డాక్టరునయ్యాను. ఎవరికీ లంచం ఇవ్వలేదు. సిఫార్సు చేయించుకోలేదు. నిజం చెప్పాలంటే, నన్నెవరూ అడగను కూడా లేదు.

నా పేరు ఓరుగంటి విశ్వపతి. పెళ్ళి వంటలు చేయిస్తాను. పులిహోర కలిపాక ఓ మెతుకు నాలిక్కి తగిలించుకుని "ఇంకో పిడికెడు ఉప్పు" అన్నానంటే మా వైపు దానికి తిరుగులేదు. అదే నాలుకతో పాతికేళ్ళు జర్దా కిళ్ళీ కూడా నమిలాను. ఎడంపక్క పుండు లేచింది, మానలేదు, చివరికి కేన్సరని తేలింది. డాక్టర్ హైమావతిగారు ఆ సగం తీసేసి, నా ముంజేతి నుంచి కాస్త కండ తెచ్చి అక్కడ అతికారు. చేతినుంచి వచ్చిన ముక్కకి ఉప్పూ పులుపూ ఏం తెలుస్తాయి పాపం! కుడి సగం మాత్రం నా పాత నాలుకే. నోట్లో నాలుక లేనివాడని జనం ఊరికే అంటుంటారు. నాకు నిజంగానే సగం ఉంది. ఆ సగాన్ని నమ్ముకునే మళ్ళీ వంటలు ఒప్పుకోవడం మొదలుపెట్టాను.

ఆపరేషనయ్యాక నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళేవాణ్ణి. హైమావతిగారు "నోరు తెరవండి" అనేవారు. టార్చి వేసి చూసి, వేలితో నాలుక తడిమి, మెడ కింద నొక్కి, "బావుంది, వెళ్ళిరండి" అనేవారు. ఆ ఒక్క మాటతో నెలంతా హాయిగా నిద్రపోయేవాణ్ణి.

అలా సాగిపోతుండగా మా ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ మార్తాండరావుగారు ఏదో సదస్సుకని విదేశం వెళ్ళొచ్చారు. అక్కడ ఆపరేషనయిన రోగిని ఫలానా తేదీకి రమ్మని చెప్పరట. ఒంట్లో ఏ మార్పు కనిపెట్టాలో నేర్పి పంపుతారట. అనుమానం వచ్చిన రోజున రోగి ఫోన్ చేస్తే డాక్టరు వెంటనే పిలిచి చూస్తాడట. నన్నడిగితే చాలా మంచి పద్ధతి. కాకపోతే దాన్లో మొదటి సగమే మా ఊరు చేరింది. రెండో సగాన్ని సామాను బరువెక్కువైందని అక్కడి విమానాశ్రయంలోనే దింపేసినట్టున్నారు.

మార్తాండరావుగారు మా పాత రోగులందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"ఇంతకాలం రోగి అనేవాడు వైద్య వ్యవస్థలో ప్రయాణికుడు. నేటినుంచి సారథి. మీ శరీరం మీకన్నా ఎవరికి బాగా తెలుసు? కనుక శస్త్రచికిత్సానంతర పర్యవేక్షణ యావత్తూ మీకే దఖలు పరుస్తున్నాం. ఇక మీదట మీకు మీరే డాక్టరు. చప్పట్లు!"

కొట్టాం. నోటి కేన్సరువాళ్ళం ఈలలు వేయలేం కనక చప్పట్లతోనే సరిపెట్టాం.

ఇదంతా మాటలతో పోయుంటే ఏ గొడవా లేకపోను. ఆసుపత్రి పరిపాలన చూసే ఏ.ఓ. పద్మనాభంగారికి నిబంధనలంటే ప్రాణం. డాక్టరు అన్నాక నియామకపు ఉత్తర్వు ఉండాలన్నారు. ఉత్తర్వు ఉన్నాక తెల్లకోటు, మెళ్ళో కార్డు, వేలిముద్ర హాజరు, సెలవు నియమాలు, క్రమశిక్షణా చర్యలు అన్నీ వర్తిస్తాయన్నారు. జీతం సంగతి అడిగితే "సేవా దృక్పథం" అన్నారు. నా కార్డు మీద 'ఓరుగంటి విశ్వపతి, పర్యవేక్షణాధికారి (ఓరుగంటి విశ్వపతి)' అని అచ్చేశారు. ఇంటికెళ్ళి చూపిస్తే మా ఆవిడ సుభద్ర కోటునీ నన్నూ ఎగాదిగా చూసి, "పోనీలెండి, చారు మరకలు పడకుండా దాచుకోండి" అంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా నాలుక కుడి అంచున ఏదో గరుగ్గా తగలడం మొదలైంది.

గుండె జారిపోయింది. ఎడమది పోయినా బతికాను, వండాను. ఈ కుడిది కూడా పోతే నాకు పాయసానికీ పప్పుపులుసుకీ తేడా తెలీదు. అసలు ఆ రోగమే తిరగబెడితే పాయసం మాట అలా ఉంచి ప్రాణం మాటేమిటి? మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో వాలాను.

కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మీ డాక్టరుగారిని కలవండి" అంది.

"ఎక్కడుంటారమ్మా?"

"ఇక్కడే ఉన్నారండీ. మీరే కదా! చీటీ ఇస్తాను, ఓ.పి.లో కూచోండి. డాక్టరుగారు రాగానే పిలుస్తారు."

"నేను వచ్చేశానుగా?"

"రోగిగా వచ్చారండీ. డాక్టరుగా వేలిముద్ర వెయ్యలేదు."

వెళ్ళి వేలిముద్ర వేశాను. మిషను నా వేలిని గుర్తుపట్టలేదు. పొయ్యిల దగ్గర కాలి కాలి నా వేళ్ళ మీది గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. అంచేత ఆ రోజు డాక్టరుగారు రాలేదని రాసుకుని, రోగిని మర్నాడు రమ్మన్నారు. నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ప్రభుత్వ డాక్టర్లు వేళకి రారని అందరూ అనేది నిజమేననిపించింది.

ఇంటికొచ్చి నేనే చూసుకుందామని కూర్చున్నాను. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో అద్దం పట్టుకున్నాను. నాలుకని గుడ్డతో పట్టి బయటికి లాగడానికి మూడో చెయ్యి కావాలి. దేవుడు డాక్టర్లకి కూడా రెండు చేతులే ఇచ్చాడు. కాని వాళ్ళు చూసేది ఎదుటివాడి నోరు. సుభద్ర టార్చి పట్టుకుంది. "ఏదో తెల్లగా ఉన్నట్టుందండీ," అంది. టార్చి పక్కన పెట్టేసి చీరకొంగు కళ్ళకద్దుకుంది. అది ఏమిటో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు. బజార్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నా నోట్లోకి తొంగి కూడా చూడకుండా, "ఆపరేషన్ చేసినవాళ్ళకే చూపించుకోండి. వాళ్ళ కేసు మేం ముట్టుకోం," అన్నాడు.

మళ్ళీ ఓ.పి. బెంచీ ఎక్కాను. పక్కన దాలమ్మ కూర్చుని ఉంది. శ్రీకాకుళం వైపు మనిషి. చుట్టని నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే అలవాటు వల్ల ఆవిడకి అంగిట్లో కేన్సరొచ్చింది. అంగిలి కోసి, ఆ కంత మూయడానికి ప్లాస్టిక్ పలక పెట్టారు. తెల్లకోటు చీర మీదే తొడుక్కుని, చేతిలో కాయితంతో దిగులుగా ఉంది.

"ఏమైంది దాలమ్మా?"

"మెమో ఇచ్చినారు బావూ. నా రోగి ఇంకా సుట్ట మానలేదంట. డాటరుగా నువ్వేటి సేత్తన్నావని అడిగినారు."

"ఏమని జవాబిచ్చావు?"

"ఉన్నదే సెప్పినాను. డాటరుగా నాను మానీమని శానాసార్లు సెప్పినాను, అది ఇనుకోలేదు. ముండమోపిది, మొండిది. ఇంకేటి సేత్తాను, కొట్టమన్నారా?"

ఆ జవాబు పద్మనాభంగారికి నచ్చిందట. రోగి సహకరించడం లేదని రాసుకుని, డాక్టరుని మందలించి వదిలేశారు.

నాకు అంత సుళువుగా పోలేదు. ఆ వారం 'జీవన నాణ్యత' ప్రశ్నావళి వచ్చింది. డాక్టరుగా నేను అడగాలి, రోగిగా నేను చెప్పాలి. కుర్చీ ఇటు మారి అడిగాను, అటు మారి చెప్పాను. నిద్ర పడుతోందా? లేదు. ఉల్లాసంగా ఉంటున్నారా? నీకెలా కనబడుతున్నాను? మీ డాక్టరు మీ మాట ఓపిగ్గా వింటున్నారా? అస్సలు వినడు, ఎప్పుడూ తన గొడవే. ఇన్ని అడిగిన ఆ కాయితంలో ఉప్పు తెలుస్తోందా అని మాత్రం ఎక్కడా లేదు. ఉన్నదున్నట్టు చెప్పినందుకు డాక్టరు-రోగి సంబంధాలు దెబ్బతిన్నాయని తేల్చి, మా ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్ వేశారు. ఒకడినే వెళ్ళానని కౌన్సెలర్ నన్ను కసురుకుంది.

ఆఖరికి పెద్ద డాక్టరుకి రాసి పంపే అధికారం నాకుంటుందిగా అని గుర్తొచ్చింది. 'నా రోగి నాలుక కుడి అంచున తెల్లని మచ్చ. హైమావతిగారు దయచేసి చూడవలసింది' అని రాశాను. అది వైద్య మండలికి వెళ్ళింది. కొత్త పద్ధతిలో ప్రతి రోగికీ ఓ మండలి, దానికి ఆ రోగే అధ్యక్షుడు. ఓ మధ్యాహ్నం పొడుగాటి బల్ల ముందు ఒక్కణ్ణీ కూర్చుని నా కేసు సమగ్రంగా చర్చించాను. హైమావతిగారే చూడాలని ఏకగ్రీవంగా తీర్మానించాను. కోరం లేదని పద్మనాభంగారు దాన్ని కొట్టేశారు.

వరండాలో హైమావతిగారు ఎదురైతే దారికడ్డంగా నిలబడ్డాను.

"అమ్మా, ఒక్కసారి నోరు తెరుస్తాను, చూడండి."

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "విశ్వపతిగారూ, మొన్న ఒకావిడ మెడ చూశానని నాకు మెమో ఇచ్చారండీ. రోగి స్వయంప్రతిపత్తిలో జోక్యమట. ఇప్పుడు మా పని మీరు పంపే నివేదికలు చదవడం ఒక్కటే."

"నావి చదివారా?"

"చదివానండీ. చాలా బాగా రాస్తున్నారు," అన్నారు దిగులుగా. ఆవిడ కళ్ళు నా నోటి వైపే ఉన్నాయి. కాని మార్తాండరావుగారు విదేశీ అతిథులకి 'రోగులు లేని ఓ.పి.' చూపిస్తూ అటే వస్తున్నారు. ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయారు.

ఇంతలో అనకాపల్లిలో ఓ పెళ్ళి వంట తగిలింది. ఎప్పుడో ఒప్పుకున్నది. మనసు బాగోకపోయినా వెళ్ళాను. సాంబారు రుచి చూస్తే కుడిపక్క చురుక్కుమంది. ఉప్పు తెలిసింది కాని మంటలో కలిసిపోయి తెలిసింది. జీవితంలో మొదటిసారి మా కుర్రాళ్ళని "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పూట నేను అన్నం తినలేదు.

తిరిగొచ్చేసరికి పద్మనాభంగారు కబురు పెట్టారు. ఎదుట నిలబెట్టి ఉతికేశారు.

"తమరు పర్యవేక్షణాధికారి. ముందస్తు అనుమతి లేకుండా ప్రధాన స్థానం విడిచి ఎలా వెళ్ళారు? రోగిని ఎవరికి అప్పజెప్పి వెళ్ళారు?"

"రోగిని కూడా నాతోనే తీసుకెళ్ళానండీ."

"అది ఇంకా పెద్ద నేరం! రోగిని అనధికారికంగా తరలించారు. ఇదేమన్నా మీ వంటశాల అనుకున్నారా? ప్రభుత్వమండీ! ఇక్కడ కుర్చీ ఒక్క క్షణం ఖాళీగా ఉండకూడదు. అధికారి సెలవు మీద వెళ్తే తర్వాతి సీనియరుకి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించి వెళ్ళాలి. అది నియమం."

"నా తర్వాతి సీనియరు ఎవరండీ?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని గర్వంగా చెప్పారు. "మీ కేసులో మీ కిందిస్థాయి అధికారి శస్త్రచికిత్స చేసిన డాక్టరు. అనగా హైమావతి."

"నేను సెలవు పెడితే నా నోటికి ఆవిడ ఇన్‌చార్జా?"

"పూర్తి అదనపు బాధ్యత. మీరు తిరిగి చేరేవరకూ మీరు చేయవలసిన పనులన్నీ ఆవిడే చేయాలి. చేయకపోతే ఆవిడ మీద చర్య తీసుకుంటాం!"

ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. క్షమాపణ అనుకుని ఆయన చల్లబడ్డారు. అక్కడే నిలబడి కాయితం అడిగి సెలవు చీటీ రాశాను. కారణం 'సొంత పనులు' అన్నాను. ఆయన తృప్తిగా సంతకం చేసి, "చూశారా, పద్ధతిగా వస్తే ఏ పనీ ఆగదు," అన్నారు.

హైమావతిగారి గది ముందు నిలబడేసరికి ఉత్తర్వు నాకన్నా ముందు చేరింది. ఆవిడ దాన్ని ఒకసారి చదివి, మళ్ళీ ఇంకోసారి చదివారు. లేచి తలుపు దగ్గరికొచ్చి నన్ను లోపలికి పిలిచారు. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, టార్చి తీశారు.

"నోరు తెరవండి."

ఎన్నాళ్ళయిందో ఆ మాట విని! తెరిచాను. మెత్తటి వేలు నాలుక అంచు వెంట నెమ్మదిగా వెళ్ళి ఒకచోట ఆగింది. అక్కడే మళ్ళీ ఓసారి నొక్కింది.

"తెల్లమచ్చ. కింద కాస్త గట్టిగా ఉంది," అన్నారు. "చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిద్దాం. సుభద్రగారిని కూడా రమ్మనండి."

పరీక్ష ఫలితం చెప్పిన రోజు సుభద్ర నా చెయ్యి వదల్లేదు. ఇంకా కేన్సరు కాలేదట, కాబోతోందట. ఇప్పుడే పట్టుకున్నాం కనక పైపైన గీసినట్టు తీసేస్తే చాలట. "ఇంకొన్ని నెలలు మీ నివేదికలే చదువుతూ కూర్చునుంటే మిగిలిన నాలుక కూడా దక్కేది కాదండీ," అన్నారు హైమావతిగారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడకి కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేదు, నేనూ అడగలేదు.

తీసేశారు. పుండు మానాక వెళ్తే టార్చి వేసి చూసి, మెడ నొక్కి చూసి, తొడుగులు విప్పుకుంటూ అడిగారు.

"ఉప్పు తెలుస్తోందా విశ్వపతిగారూ?"

"తెలుస్తోందమ్మా," అన్నాను. అంత వయసొచ్చినవాణ్ణి, ఆవిడ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్క దాలమ్మ చెవిన వేశానంతే. వారం తిరిగేసరికి ఆసుపత్రిలో పర్యవేక్షణాధికారులంతా సెలవు మీద వెళ్ళిపోయారు. కొందరు సొంత పనులన్నారు, కొందరు తీర్థయాత్రలన్నారు. "అంత సదువు సదివి అలిసిపోనాను బావూ," అని దాలమ్మ విశ్రాంతి సెలవు పెట్టింది. పూర్తి అదనపు బాధ్యతలతో డాక్టర్లు పొద్దుటినుంచి సాయంత్రందాకా గదుల్లో కూర్చుని వరసగా నోళ్ళూ మెడలూ రొమ్ములూ పొట్టలూ చూస్తున్నారు. చూడకపోతే చర్య తీసుకుంటారు మరి. ఎవరికైనా అనుమానమొస్తే సెలవు చీటీ పట్టుకుని ఆ రోజే వస్తున్నారు, ఆ రోజే చూస్తున్నారు. విమానాశ్రయంలో ఉండిపోయిన రెండో సగం ఎలా వచ్చిందో ఏమో, మొత్తానికి వచ్చి చేరింది.

జబ్బు ముందుగా దొరికినవాళ్ళ సంఖ్య పెరిగిందని లెక్కలు పైకి వెళ్ళాయి. రోగి సారథ్యం ఘన విజయమని మార్తాండరావుగారికి ప్రశంస వచ్చింది. మొట్టమొదట తన రోగి మచ్చని కనిపెట్టినవాణ్ణి కనక, పంద్రాగస్టు నాడు ఉత్తమ వైద్యుడి పురస్కారానికి నా పేరు ఎంపికయింది.

ఆ కబురు మోసుకుని పద్మనాభంగారు స్వయంగా మా ఇంటికొచ్చారు. సుభద్ర కాఫీ ఇచ్చింది. ఆయన ఓ గుక్క తాగి అసలు విషయానికొచ్చారు.

"ఒక చిన్న చిక్కు. సెలవులో ఉన్న అధికారికి పురస్కారం ఇవ్వడానికి నియమం ఒప్పుకోదు. తమరు సెలవు రద్దు చేసుకుని ఆ ఒక్కరోజు విధుల్లో చేరండి. కలెక్టరుగారి చేతులమీదుగా శాలువా, జ్ఞాపిక! మర్నాడు కావలిస్తే మళ్ళీ సెలవు పెట్టుకోవచ్చు. ఒక్కరోజే కదండీ?"

శాలువా నాకూ ఇష్టమే. పెళ్ళిళ్ళలో వంటవాడికి ఎవరు కప్పుతారు? సుభద్ర నా మొహం వైపు చూసింది. ఆవిడ చూపు చూశాక నాకు జవాబు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

"క్షమించండి పద్మనాభంగారూ," అన్నాను. "ఆ ఒక్కరోజు నా నోరు ఎవరు చూస్తారు?"